ఆలస్యంగా వచ్చే ఆమెన్

"...అందుకే చెప్తున్నా నాన్నా, రేపటి నుంచి నేను నా గదిలోనే తింటా. ప్రార్థన కూడా అక్కడే. 'స్తోత్రం ప్రభువా, ఆమెన్.' అయిపోయింది."

"అంతేనా? అప్పటికి ప్రభువు ఇంకా వచ్చి కూర్చోనైనా కూర్చోడు కదే," అన్నాడు నాన్న.

"మనింట్లో కూర్చుని, కునుకు కూడా తీస్తున్నాడు," అంది పెద్ద కూతురు.

తమ్ముడు కిసుక్కుమన్నాడు. వంటగదిలో రొట్టె తిరగేస్తూనే అమ్మ, "నాన్నతో మాట్లాడే తీరు అదేనా?" అంది.

గొడవంతా భోజనం ముందు నాన్న చేసే ప్రార్థన గురించే. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధిలో ఏ గడియారం నిమిషం వెనకబడినా ఆయనకు మనసొప్పదు. అలాంటి మనిషి బల్ల ముందు కళ్లు మూశాడంటే ఇక టైముతో పనిలేదు. రొట్టె కోసం మొదలైన స్తోత్రం పక్కింటి తాతగారి మోకాలి మీదికి పోయేది, అక్కణ్ణుంచి మేడమీదివాళ్ల కుళాయికి, ఆ తర్వాత వీధి మలుపులోని కుంటికుక్కకి. "పోస్టుమాన్ గారి సైకిల్ చెయిన్‌ను జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్న పూట తమ్ముడు నవ్వాపుకోలేక బల్ల కింద దూరాడు. ఈలోగా కూర చల్లారి నూనె పేరుకునేది.

"ఆ చెయిన్ మార్పించేశారట నాన్నా," అని పెద్దది మర్నాడు ఆశగా చెప్పింది.

"అయితే కృతజ్ఞతలు చెప్పుకోవాలి."

చెప్పుకున్నాడు కూడా, చాలాసేపు.

చిత్రమేమిటంటే, చర్చిలో ప్రార్థించమంటే ఆయన రెండు మాటల్లో ముగించి కూర్చునేవాడు. పాస్టరుగారికి అందుకే ఆయనంటే ప్రాణం. ఇంటికొస్తే ఏమవుతుందో పెద్దదానికి అంతుపట్టేది కాదు.

"నీకు విసుగొచ్చిందంటే తప్పు నాది తల్లీ, ప్రభువుది కాదు," అన్నాడు నాన్న. గొంతు తగ్గింది. "నా మీద కోపంతో ప్రార్థన మానకు. ఈ పూటకి కూర్చో."

మొహం ముడుచుకునే కూర్చుంది.

మోకాలు అయింది. కుళాయి అయింది. కుక్క దగ్గరకొచ్చేసరికి ఓపిక చచ్చి కళ్లు తెరిచింది. ప్రార్థనలో కళ్లు తెరవకూడదని చిన్నప్పుడు నేర్పింది నాన్నే. ఆ నాన్న ఒక కన్ను తెరిచి వంటగదిలోకి చూస్తున్నాడు.

అమ్మ పెనం మీద ఇంకో రొట్టె వేసింది.

"ఆ కుక్క కాలి కట్టును కూడా ప్రభువా..."

అమ్మ మళ్లీ పిండి అందుకుంది.

"ఆ కట్టు కట్టిన డాక్టరుగారిని, వారి పిల్లలను..."

స్టవ్ కట్టేసిన చప్పుడైంది.

"...ఆ పిల్లల పరీక్షలను..."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇంకా అవలేదా ఈయనది" అని గొణిగి, కుర్చీ లాక్కుని తల వంచింది.

"ఆమెన్," అన్నాడు నాన్న. రొట్టెల పళ్లెం ముందుగా ఆమె వైపే జరిపాడు.

పెద్దది ఆయన వైపు వంగింది. "పిలవొచ్చుగా నాన్నా?"

"పెళ్లయిన కొత్తలో పిలిచేవాణ్ణి. 'మీరు కానివ్వండి, వస్తున్నా' అనేది. వచ్చేసరికి ఇంట్లో అందరం తిని చేతులు కడిగేసుకునేవాళ్లం. ఆమెన్ అనకుండా మాత్రం ఎవర్నీ కంచం ముట్టుకోనివ్వదు."

"ఏమిటా గుసగుసలు?" అంది అమ్మ.

పెద్దది రొట్టె తుంచింది.

"రేపటి నుంచి ప్రార్థన నేను చేస్తానమ్మా. రొట్టెలు నాన్న కాలుస్తాడు."