డ్రైవరక్క, ఇంజను లేని బండి

బస్సు డిపోలో మెట్ల కింద ఒక గది ఉంది. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయి దిగిపోయిన సామానంతా చివరికి అక్కడికే చేరుతుంది. గొడుగులు, ఒంటి చెప్పులు, కళ్లజోళ్లు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు. ఆ గదిలో చక్రాల కుర్చీలో కూర్చుని, గొడుగు పోయిందని వచ్చినవాళ్లను పిడి ఏ రంగుదని అడిగే మనిషిని డిపో అంతా డ్రైవరక్క అంటుంది. ఆమె స్టీరింగు వదిలి ఏళ్లు గడిచాయి. ఉద్యోగం మారింది, కాళ్లు పోయాయి, పేరు మాత్రం ఊడిరాలేదు.

ఆమె బస్సు నడిపిన రోజుల్లో ఆ డిపోలో ఆడ డ్రైవర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆమె బండిలో కండక్టరు కూడా ఆడమనిషే. ఇద్దరిదీ ఒకే బండి, ఒకే దారి, ఒకే డ్యూటీ. కండక్టరుకు నోరు మూతపడదు, డ్రైవరక్కకు నోరు తెరుచుకోదు. అందుకే పొసిగింది అనేవాళ్లు డిపోలో.

వాన పడుతున్న ఒక ఉదయం, వంతెన దిగుతుండగా, పక్క రోడ్డులోంచి ఇసుక లారీ ఒకటి అదుపు తప్పి వచ్చి బస్సు ముందు భాగాన్ని గుద్దింది. ముందు తలుపు దగ్గర నిలబడి ఉన్న కండక్టరు అక్కడికక్కడే పోయింది. డ్రైవరక్కకు వెన్ను విరిగింది. తప్పు ఆమెది కాదని చూసినవాళ్లూ చెప్పారు, విచారణ జరిపినవాళ్లూ తేల్చారు.

ఆస్పత్రిలో కండక్టరు సంగతి చెప్పే పని సొంత అక్క మీద పడింది. అక్క ఎన్నో విధాలుగా కూడదీసుకుని చెప్పింది. డ్రైవరక్క విని, బస్సును రోడ్డు మీద నుంచి పక్కకు తీశారా అని అడిగింది. అంతే. ఏడుపు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఆమే ఎదురుచూసింది. రాలేదు. చూడవచ్చిన చుట్టాలు గుండె రాయి చేసుకుందన్నారు, ఎంత నిబ్బరమో అన్నారు. ఆమె ఏమీ చేసుకోలేదు. దానంతటదే అలా అయింది. డాక్టరు సూదితో గుచ్చుకుంటూ వచ్చి, నడుం దగ్గర వేలు పెట్టి, ఇక్కడి నుంచి కిందకు స్పర్శ ఉండదని చెప్పినప్పుడు, ఆ వేలు ఇంకొంచెం పైన పెట్టాల్సిందేమో అనుకుంది.

ఆ తర్వాత ఆమె అక్కా బావల ఇంట్లోనే ఉండిపోయింది. బావ వడ్రంగి. మనిషి మాటల్లో పొదుపు, పనిలో కాదు. ఆమె ఇంటికొచ్చే లోపే గుమ్మానికి వాలుగా చెక్క వేశాడు, స్నానాల గదిలో గోడ పొడవునా పట్టుకునే కర్ర బిగించాడు. అక్క మాత్రం ఊరుకునే రకం కాదు. చెల్లెలి మొహంలో నవ్వు చూడాలని ఆవిడ పట్టు. సినిమాకు తీసుకెళ్లింది, సముద్రం చూపించింది, చిలకను పెంచింది. డ్రైవరక్క సినిమా చూసింది, సముద్రం చూసింది, చిలకకు గింజలు వేసింది. దేనికీ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నీళ్లు పోసిన రాయిలా కాసేపు తడిసినట్టు కనిపించి, మళ్లీ ఆరిపోయేది.

ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒకరోజు మాటల్లో చెప్పింది. ఊరి బయట గ్లైడర్లు ఎగరేసే క్లబ్బు ఒకటి ఉందట. గ్లైడరంటే ఇంజను లేని విమానం. కాళ్లు చేతులు సరిగ్గా లేనివాళ్లకు కూడా అక్కడ నేర్పుతారట, అందుకోసం ఒక గ్లైడరును ప్రత్యేకంగా మార్చి ఉంచారట. అక్క కళ్లు దివిటీల్లా వెలిగాయి. వెళ్దామా అని చెల్లెల్ని అడిగింది. వెళ్దామంటే ఒక్క మాటతో పోతుంది, వద్దంటే పది మాటలు చెప్పాలి. డ్రైవరక్క ఊఁ అంది.

అది గడ్డి మైదానం. ఈ చివర రేకుల షెడ్డు, ఆ చివర ఎక్కడో దూరంగా తాడు చుట్టే యంత్రం. గ్లైడరు ముక్కుకు తాడు తగిలిస్తే, యంత్రం దాన్ని వేగంగా చుట్టుకుంటూ పోతుంది. గాలిపటం లేచినట్టు గ్లైడరు లేస్తుంది. తగినంత ఎత్తుకు వెళ్లాక తాడు వదిలించుకుంటే, ఇక గాలిదే భారం. నేర్పే మాస్టారు ఎండకు నల్లబడిన ముసలాయన. కోపిష్టి అని చెప్పారు. ఆయన పరామర్శలేమీ పెట్టుకోలేదు.

“బస్సు నడిపావటగా. నీకు రెండు జబ్బులుంటాయి. చక్రం తిప్పితే చాలు మలుపు తిరుగుతుందనుకుంటావు. ఏదైనా అడ్డమొస్తే బ్రేకు కోసం కాలు వెతుక్కుంటావు.”

“వెతికినా దొరకదు లెండి,” అంది డ్రైవరక్క.

ఆయన నవ్వలేదు. అయ్యో పాపం అనే మొహమూ పెట్టలేదు. సరే కానీ, అన్నట్టు తలూపి గ్లైడరు వైపు నడిచాడు.

ఆమెను లోపల కూర్చోబెట్టడమే పెద్ద తతంగం. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద పట్టుకుని ఎత్తి, గ్లైడరు అంచు మీదుగా ఇరుకు సీట్లోకి దించేవాళ్లు. సామాను ఎక్కించడం అనేది ఆమె ఆ పనిని. పాదాలు దేనికీ తగలకుండా రెండింటినీ కలిపి పట్టీతో కట్టేవాళ్లు. కాళ్లతో తొక్కాల్సిన పని ఆమెకు ఎడమచేతి కింద ఒక పిడిగా అమర్చారు. తోస్తే తోక ఒకవైపు, లాగితే ఇంకోవైపు. కుడిచేతిలో ముక్కును ఎత్తి దించే కర్ర. మాస్టారు వెనక సీట్లో కూర్చునేవాడు.

మొదటిసారి పైకి వెళ్లి తాడు వదిలాక ఒక్కసారిగా చప్పుడంతా ఆగిపోయింది. గాలి మాత్రం గుడ్డ లాగుతున్నట్టు వినిపించింది. ఎలా ఉందని వెనక నుంచి అడిగాడు మాస్టారు. బాగుంది అంది, కూరలో ఉప్పు సరిపోయిందా అంటే చెప్పినట్టు. కిందకు దిగేసరికి అక్క కళ్లు తుడుచుకుంటోంది. బావ తీసిన ఫొటోల్లో డ్రైవరక్క మొహం రేషను క్యూలో నిలబడ్డవాళ్ల మొహంలా ఉంది.

అయినా తర్వాతి ఆదివారం తనే తయారై కూర్చుంది. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఎందుకని అక్క అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా ఒకటే. ఆ మైదానంలో ఎలా అనిపిస్తోందని ఎవరూ అడగరు. వేగమెంత, ఎత్తెంత, గాలి ఎటు నుంచి అని అడుగుతారు. వాటికి జవాబులుంటాయి.

ఆమెతోపాటు నేర్చుకునేవాడు బ్యాంకు గుమాస్తా ఒకడు. పుట్టుకతోనే ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. డబ్బాలో రాళ్లు పోసినట్టు గలగలా వాగేవాడు. “అక్కా, నాకు ఒక చెయ్యి తక్కువ, నీకు రెండు కాళ్లు తక్కువ. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక పూర్తి పైలటు తయారై, ఇంకా కొంచెం గుడ్డ మిగులుతుంది,” అనేవాడు. ఆమె నవ్వేది కాదు గానీ, అతను రాని ఆదివారం ఏదో వెలితిగా ఉందని ఒకసారి గమనించింది. ఆ గమనించడం కూడా ఎవరి సంగతో అన్నట్టే గమనించింది.

పని తొందరగానే పట్టుబడింది. ఆమె చేతులు గట్టివి, తొట్రుపాటు లేనివి. ఆ తొట్రుపాటు లేకపోవడమే మాస్టారికి నచ్చలేదు. తక్కువ ఎత్తులో ఉండగా తాడు తెగితే ఏం చెయ్యాలో ఆయన మళ్లీ మళ్లీ చేయించేవాడు. చెప్పకుండా వెనక నుంచి తాడు వదిలేసేవాడు. ఒకరోజు దిగాక అడిగాడు.

“తాడు తెగితే మొదటి పని?”

“ముక్కు కిందకు దించాలి.”

“ఎందుకు?”

“వేగం పోతుంది. వేగం పోతే పడిపోతాం.”

“పడిపోతే?”

“పడిపోతాం,” అంది.

మాస్టారు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ రోజు నుంచి, ఆమెకంటే వెనకబడ్డ గుమాస్తాను ఒంటరిగా పంపాడు గానీ ఆమెను పంపలేదు. అక్క ఊరుకోలేక వెళ్లి అడిగింది. ఆయన అక్కకు జవాబు చెప్పకుండా డ్రైవరక్క కుర్చీ దగ్గరకు వచ్చాడు.

“పైకి వెళ్లినవాడికి కిందకు రావాలని ఉండాలి. నీకు ఉందో లేదో నాకు తెలియట్లేదమ్మా.”

“నాకూ తెలియదు మాస్టారూ,” అంది ఆమె. “బండికి మాత్రం దెబ్బ తగలనివ్వను.”

“నా గొడవ బండి గురించి కాదు,” అని ఆయన వెళ్లిపోయాడు.

వేసవి మధ్యలో ఆమె ఒక ఆదివారం మైదానానికి వచ్చి, ఈసారి ఎగరనని చెప్పింది. స్పర్శ లేని ఒంటికి ఒరుసుకున్నా తెలియదు. పుండు పడితే నెలలు పడుతుంది మానడానికి. అందుకని రాత్రి పడుకోబోయే ముందు అద్దం పెట్టి వెనకవైపు చూసుకోవాలి. ఇదివరకు ఆ అద్దం కోసం అక్క వెంటపడి పోరు పెట్టాల్సి వచ్చేది. ఈసారి తనే చూసుకుంది. తుంటి దగ్గర ఎర్రగా కందింది. మానేదాకా సీట్లో కూర్చోనంది. కొన్ని వారాలపాటు వచ్చి, షెడ్డు నీడలో బోర్లా పడుకుని అందరూ ఎగరడం చూసి వెళ్లింది. మాస్టారు ఆ జాగ్రత్తను గమనించాడు. కందినచోటు మామూలైన ఆదివారం ఆమెను సీట్లో దించాక, వెనక సీటు పట్టీలు ఖాళీగా బిగించి, పైకప్పు అద్దం మూసి, తను బయటే నిలబడ్డాడు.

“వెళ్లిరా,” అన్నాడు.

ఆమెకు గుండె దడదడలాడలేదు. పట్టీలు చూసుకుంది, పిడి తోసి లాగి చూసుకుంది, బొటనవేలు పైకెత్తి చూపించింది. తాడు బిగుసుకుంది. గడ్డి వెనక్కి పరిగెత్తింది. నేల వదిలింది. ముక్కు ఆకాశంలోకి లేచి, ఇంకా చెట్ల ఎత్తు దాటిందో లేదో, ఎక్కడో కింద టప్పున చప్పుడై లాగుడు ఆగిపోయింది.

ఈసారి నిజంగానే తెగింది.

చేతులు ముందే కదిలాయి. ముక్కు కిందకు దించింది. నేల అద్దం నిండా వచ్చింది. వేగం చూసింది, ఉంది. తాడు మిగులు ఏమైనా ఉంటే ఊడిపోవాలని కొక్కెం వదిలించింది. ఎదురుగా మైదానం ఇంకా చాలా ఉంది. ఎడమచేతిని పిడి మీద నుంచి గ్లైడరును కిందకు దించే రెక్కల బ్రేకు మీదకు మార్చింది, మెల్లగా తెరిచింది, నేల దగ్గరకు రాగానే కర్ర వెనక్కి పట్టింది. చక్రం ఒకసారి గట్టిగా తగిలి, దొర్లి, ఆగింది. ఒక రెక్క మెల్లగా గడ్డి మీదకు వాలింది.

దిగి నడిచి వెళ్లే మనిషి కాదు కనక అక్కడే కూర్చుంది. దూరం నుంచి జనం పరిగెత్తుకొస్తున్నారు. వాళ్లు వచ్చేలోగా ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. మొదట వేళ్లు, తర్వాత భుజాలు, తర్వాత దవడ. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. వెన్ను విరిగిన రోజు కూడా ఇలా వణకలేదు. ఎండ మండిపోతోంది, ఆమెకు మాత్రం నడుం పైభాగమంతా చలి.

అందరికంటే ముందు ముసలాయనే చేరాడు, ఆ వయసులో ఎలా పరిగెత్తాడో. అద్దం తెరిచి ఆమెను ఎగాదిగా చూసి, గ్లైడరు పక్కనే గడ్డిలో కూలబడ్డాడు. ఆయనకు ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

“వెనక ఎవరూ లేరనుకున్నాను,” అంది డ్రైవరక్క. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. “పడేటప్పుడు అదొక్కటే అనుకున్నాను. హమ్మయ్య, ఎవరూ లేరు అని.”

మాస్టారు తల ఊపాడు. అక్క రొప్పుతూ వచ్చి చెల్లెలి తల పట్టుకుంది. ఏదో అనబోయి, ఆ వణుకు చూసి, తన పైటకొంగు తీసి భుజాల చుట్టూ కప్పింది.

వణుకు తగ్గాక మాస్టారు అడిగాడు, మళ్లీ వెళ్తావా, ఇంటికి వెళ్తావా అని. ఆమె చాలాసేపు ఆ చివర ఉన్న యంత్రం వైపు చూసింది.

“భయంగా ఉంది,” అంది.

“అయితే వెళ్లొచ్చు,” అన్నాడాయన.

కొత్త తాడు వేశారు. వెళ్లింది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి, దిగాల్సిన చోటుకంటే కాస్త ముందుకు పోయి దిగింది. దానికి మాస్టారు చివాట్లు పెట్టాడు.

ఆ వారమే ఆమె బావను కండక్టరు ఇంటికి తీసుకెళ్లమంది. ఇన్నేళ్లలో వెళ్లలేదు. కండక్టరు భర్త తాళంచెవులు చేసే దుకాణం నడుపుతాడు. దుకాణం వెనకే ఇల్లు. గుమ్మం ఇరుకు, కుర్చీ పట్టలేదు. అతనే బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ ఉదయం జరిగింది జరిగినట్టు డ్రైవరక్క చెప్పింది. వాన, వంతెన, లారీ. ఇంతవరకు విచారణలో తప్ప ఎవరికీ చెప్పలేదు. అతను అంతా విని ఒక్కటే అడిగాడు.

“అప్పుడు తను ఏం మాట్లాడుతోందక్కా?”

“చిల్లర లేదన్నా వినకుండా పెద్ద నోటు ఇచ్చినాయన్ని తిడుతోంది.”

అతను నవ్వాడు. అదే నవ్వు ఏడుపైంది. డ్రైవరక్కకు ఏడుపు రాలేదు. అతని ఏడుపు అయ్యేదాకా అక్కడే ఉంది. తిరిగొచ్చేటప్పుడు మనసు తేలికపడిందా అని బావ అడిగితే, లేదంది. వెళ్లడం మాత్రం మంచిదైంది అంది.

తర్వాత ఆమెకు లైసెన్సు వచ్చింది. పత్రిక నుంచి ఒకాయన వచ్చి ఎగురుతుంటే ఎలా ఉంటుందని అడిగాడు. కొన్నిసార్లు ఏదో ఉంటుంది, చాలాసార్లు ఏమీ ఉండదు అని చెప్పింది. పక్షిలా స్వేచ్ఛగా ఉంటుందని అచ్చయింది. గుమాస్తా ఆ ముక్క కత్తిరించి షెడ్డు గోడకు అంటించి, ఆమె కనిపించినప్పుడల్లా రెక్కలు ఆడించేవాడు. తనకున్న చెయ్యీ, లేని చెయ్యీ రెండూ.

ఇప్పుడు వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్లేందుకు కూడా ఆమెకు అర్హత ఉంది. అక్క ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. ప్రతి ఆదివారం మాస్టారు వెనక సీటు వైపు చూసి, ఆమె వైపు చూస్తాడు. ఇప్పుడే కాదు మాస్టారూ, అంటుంది. ఆయన బలవంతపెట్టడు. ఖాళీ సీటు పట్టీలు బిగించి, అద్దం మూసి, పక్కకు తప్పుకుంటాడు.