ఏడవని పిల్లకు స్తోత్రం

తమ్ముడు చనిపోతే, ఫ్యాను ఆపినట్టు మనసును ఆపేసుకున్న ఆడపిల్లను నేను మొదటిసారి చూసింది మా చెల్లెలి కూతురి ఫోన్‌లో. తెలుగు మాటలు పెట్టిన ఇంగ్లిషు సీరియల్ అది. ఆ కథానాయిక మనిషి కూడా కాదు, నెత్తురు తాగే రకం. కాసేపు అరిచి, ఇంటికి నిప్పు పెట్టి, ఆపైన ఎదురైన వాళ్లనల్లా నవ్వుతూ కొరుకుతుంది. ఇంత జరిగినా తలలో ఒక్క వెంట్రుక చెదరదు.

"గామె గట్లెందుకైంది?" అనడిగాను, బియ్యం ఏరుతూ.

"తట్టుకోలేక పెద్దమ్మా. వాళ్లు మనసు బంద్ చేసుకుంటరు. ఇగ ఏం అనిపియ్యది."

"మనసేమన్న బోరు మోటరా, బంద్ చేసేటందుకు? ఏడ్వ చేతగాని దయ్యం. సోకులు మాత్రం తక్వ లేవు."

పిల్ల నన్నొకసారి చూసి, మళ్లీ ఫోన్‌లో తల పెట్టింది.

అలాంటి కథలంటే నాకు అసహ్యం. దేవుడు తెలియని వాళ్లు దుఃఖానికి కనిపెట్టిన మందు ఇంతేనా అనిపించింది. కోరుట్లలో మా సంఘం పిల్లలకు ఇరవై ఏళ్లుగా ఆదివారం వాక్యం నేర్పుతున్నదాన్ని నేను. దుఃఖం గురించి నాకు ఆ రక్తపిశాచి చెప్పాలా?

సెలవులకు వచ్చిన పిల్ల ఇంటికి తిరిగి వెళ్లాక, ఆ వేసవిలోనే ఆమె అన్న దుబాయిలో, నిద్రలోనే పోయాడు. సిరిసిల్ల దగ్గరి వాళ్ల ఊళ్లో సమాధి చేశాం. పిల్ల ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. జగిత్యాల కాలేజీకి బస్సు సులువని తర్వాత నా దగ్గరకు వచ్చింది. చనిపోవడానికి ముందు అతను ఈ పిల్ల పేరున కార్గోలో వేసిన అట్టడబ్బా నెల తర్వాత, వాళ్ల ఊరి మీదుగా మా ఇంటికి చేరింది. దాన్ని ఆమె మంచం కిందికి తోసేసింది. వాళ్లమ్మ ఫోన్ చేస్తే, "తిన్న, మంచిగున్న" అని పెట్టేసేది. "నా బిడ్డ నాతోని మాట్లాడుతలేదక్కా, ఈ పిల్ల గూడ నాకు దక్కదా?" అని మా చెల్లెలు నా దగ్గర ఏడ్చేది. నేను ఆమెకూ విశ్వాసం గురించే బోధించాను.

మంగళవారం మా ఇంట్లో స్త్రీల కూడిక. ఉపవాస ప్రార్థనకు కడుపునిండా తినొచ్చి ఆవులించే వాళ్లే సగం మంది. వాళ్లకు బుద్ధి రావాలని పిల్లను నిలబెట్టాను. "అన్న పోయినా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. విశ్వాసమంటే గిట్లుండాలె. సాక్ష్యం చెప్పు బిడ్డా."

పిల్ల చున్నీ అంచు చూస్తూ, వచ్చినవాళ్లతో నెమ్మదిగా అంది.

"నాకేం బలం రాలేదు ఆంటీ. ఏం అనిపిస్తలేదు, గంతే. అమ్మ ఏడుస్తున్నా ఏం అనిపిస్తలేదు. సీరియల్ల పిల్ల గిట్ల చేస్తే మా పెద్దమ్మ దయ్యం అన్నది. నేను చేస్తే విశ్వాసం అంటున్నది."

వెనక ఎవరో అలవాటుగా "స్తోత్రం" అన్నారు.

ఆదివారం పిల్లలు వాక్యం ఒప్పజెబితే నేను పెన్సిల్ ఇస్తాను. బద్ధకస్తులంతా ఏరుకునేది ఒకటే, స్నేహితుని సమాధి దగ్గర ప్రభువు కన్నీరు విడిచిన ఆ పొట్టి వాక్యం. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ పిల్లా దాంతోనే మూడు పెన్సిళ్లు కొట్టేసింది. కాసేపట్లో అతణ్ని తానే బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడాయన. ఇరవై ఏళ్లు ఆ వాక్యం అప్పజెప్పించుకున్న నాకు అందులో కనబడింది పెన్సిలు ఖర్చు ఒక్కటే. ఆ సీరియల్ పిల్ల తన మనసును తానే ఆపుకుంది. ఈ పిల్ల మనసు ఆగిపోతే నేను నలుగురిలో చప్పట్లు కొట్టించబోయాను.

అందరూ వెళ్లాక డబ్బా బయటికి లాగాను. "విప్పుదామా బిడ్డా?"

ఆమె వంటింట్లోంచి కత్తి తెచ్చింది. డబ్బాకు అట్ట కనబడనంత టేపు. కోస్తున్నకొద్దీ కింద ఇంకో వరస.

"గింత టేపు ఎవడన్న సుడ్తడా? ఎన్నిసార్లు చెప్పిన వీనికి... కొయ్యొస్తలేదురా అంటే ఇనడు. పిచ్చోడు. పిచ్చోడు పెద్దమ్మా..."

కత్తి అందులోనే ఇరుక్కుంది. డబ్బా మీద తల పెట్టి గొంతెత్తి ఏడ్చింది. చెప్పులు మరిచి తిరిగొచ్చిన ఒకామె గడపలో ఆగింది.

"ఊకోమనరాదా అక్కా? విశ్వాసులు గిట్ల..."

"నువ్వు ఊకో," అన్నాను.

డబ్బా ఆ రోజు సగమే తెగింది. పొద్దుగూకే వేళకు పిల్ల తనంతట తనే వాళ్లమ్మకు ఫోన్ చేసింది. ఇద్దరూ ఏడుస్తుంటే నేను పక్కనే కూర్చున్నాను, ఒక్క వాక్యమూ చెప్పకుండా.