గడ్డి మూత తెరిస్తే పూచీ లేదు

మా ఆవిడ తమ్ముడికి చేతులు ఊరుకోవు. గడియారాలు బాగుచేసినన్నాళ్లూ అది మంచి గుణమే అనిపించుకుంది. ఒకసారి బస్సులో పక్క సీటాయన కునుకు తీస్తుంటే, ఆయన చేతికున్న గడియారాన్ని చేతికుండగానే విప్పి, దుమ్ము ఊది, మళ్లీ బిగించేశాడు. ఆయన నిద్రలేచి, ఎప్పుడూ లేనిది సమయం సరిగ్గా చూపిస్తోందేమిటని కంగారుపడి ఒక స్టాపు ముందే దిగిపోయాడు. నమ్మకపోతే మీ ఇష్టం. నేను వెనక సీట్లోనే ఉన్నాను.

తర్వాత అతని కొట్టు ఉన్న భవనాన్ని పడగొట్టేశారు. మరోచోట కొట్టు తెరిచే ఓపిక లేక ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడని అనడమే గానీ, కూర్చుంటే కదా! మిక్సీ విప్పాడు. బాగానే ఉన్న కుళాయి విప్పాడు. స్నానాలగది గడియ ఊడదీసి, మళ్లీ బిగించేటప్పుడు ఒక మరమేకు మిగుల్చుకున్నాడు. దాంతో లోపలికి వెళ్లిన మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, బయటికి రావడానికి కిటికీలోంచి వీధివాళ్లందరినీ పిలవాల్సి వచ్చింది. నన్ను నోరారా అన్నయ్యా అని పిలుస్తుంది ఆవిడ. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ బావమరిదికి ఏదో ఒక పని చూపించండి. ఇంట్లో విప్పడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను."

వెళ్లి చూస్తే వాళ్ల పెరడు కంటపడింది. నాలుగు మంచాలు పట్టేంత నేల. ఎంత గట్టిదంటే, గునపం వేస్తే అది టంగుమని మోగి, వెనక్కి ఎగిరి, తన మూలకి తనే వెళ్లి నిలబడింది. ఆవిడ అప్పటికే మేస్త్రికి చెప్పి ఉంచింది. ఎదురింటి మేడ పని అవగానే అతను వచ్చి ఈ పెరడంతా సిమెంటు చేసేస్తాడట.

"బంగాళాదుంపలు వేద్దాం," అన్నాను. "తవ్వక్కర్లేదు. మొలకలొచ్చిన దుంపలు తడి నేలమీద పెట్టి, పైన మోకాలెత్తు గడ్డి కప్పడమే. గడ్డి కింద తడి ఆరదు, వెలుతురు తగలదు. దుంపలు మట్టిలో కాకుండా ఆ గడ్డిలోనే ఊరతాయి. నా స్నేహితుడి పెరట్లో ఒకటి ఎంత ఊరిందంటే, పీకడం చేతకాక వాళ్లు దానిమీదే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు."

బావమరిది కళ్లు మెరిశాయి. చెల్లెమ్మ మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుంది. "సరే. మేస్త్రి వచ్చే రోజుకి ఒక పూట కూరకి దుంపలొస్తే పెరడు ఈయనది. రాకపోతే సిమెంటు. అప్పుడు మాత్రం నన్ను బతిమాలొద్దు."

పశువుల కొట్టం నుంచి బావమరిది తెచ్చిన మొదటి మోపు పశువులు మేసే ఎండుగడ్డి. వారం తిరక్కుండా నన్ను పిలిచాడు. "బావా, మొలకలొచ్చేశాయి! పచ్చగా, వత్తుగా, దువ్వెన పెట్టి దువ్వచ్చు!" వెళ్లి చూస్తే అది గడ్డే. ఆ మోపులో గింజలన్నీ ఉన్నాయి మరి. దుంపలకి కప్పిన దుప్పటే మొలిచింది. అదంతా పీకి పారేసి, ఈసారి గింజ రాల్చేసిన వరిగడ్డి తెప్పించి పరిచాం.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. గడియారానికి వెనక మూత ఉన్నట్టే ఆ దుంపల మడికి గడ్డి మూత అయింది. అతను పొద్దున్న పళ్లు తోముకుంటూ ఒక పక్క ఎత్తి చూసేవాడు. కాఫీ తాగి ఇంకోపక్క. స్నానానికని వెళ్తూ మరోసారి. నా కాన్వెంటు రోజుల్లో ప్రార్థనప్పుడు ఒక కన్ను తెరిచి ఉంచేవాణ్ణి గానీ, ఇతనిలా రెండు కళ్లూ తెరిచి దేవుడి మీదికి వంగి చూసే ధైర్యం నాకూ లేకపోయింది. ఎత్తినప్పుడల్లా సన్నటి తెల్ల వేళ్లు తెగేవి. తడి ఆరిపోయేది. పైకొచ్చిన ఆకులు మధ్యాహ్నానికి తలలు వాల్చేసేవి. ఎదురింటి మేడ మాత్రం చకచకా లేస్తోంది. అతను దాన్ని చూసేవాడు, పరుగున వచ్చి గడ్డి ఎత్తేవాడు.

"ఇంకా ఎందుకు ఊరలేదు బావా?"

"నువ్వు చూస్తుంటే సిగ్గుపడుతున్నాయేమో. కాస్త ఊరుకోరా!"

"ఊరుకుందామనే లోపలికి వెళ్లాను. చేతులు వెళ్లలేదు."

చివరికి తెగించింది చెల్లెమ్మే. మడి చుట్టూ చిన్న పుల్లలు పాతి, గడ్డి మీద అడ్డదిడ్డంగా దారం లాగి, ముడి వేసింది. ఆ ముడి మీద తన గోళ్ల రంగు ఒక బొట్టు పెట్టింది. కొట్లో అతను బాగుచేసిన ప్రతి గడియారం మూత మరమేకు మీదా అలాంటి ఎర్ర బొట్టే పెట్టేవాడు. ఆ బొట్టు పగిలి ఉంటే, ఎంత పెద్దమనిషి తెచ్చినా, "నేను మూసిన మూత తెరిస్తే పూచీ లేదు" అని గడియారం వెనక్కి తోసేసేవాడు.

"ఇది నేను మూసిన మూత," అంది ఆవిడ. "పగిలిందా, ఆ రోజే మేస్త్రిని పిలుస్తా."

అతను తన ఎర్ర బొట్టు వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత మడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఎంత తిరిగాడంటే, చుట్టూ పాదాల కింద కాలవ పడింది. వాన వస్తే అందులో కప్పలు ఈత నేర్చుకున్నాయి. ఒక్కోసారి వంగి గడ్డికి చెవి ఆనించి, ఆడుతోందా ఆగిందా అని వినేవాడు. గడ్డి కుళ్లి అడుక్కి దిగిపోయినప్పుడు భార్యని బతిమాలుకున్నాడు. "పైన ఇంకాస్త వేస్తానే. వెయ్యడం తెరవడం కాదు కదా!" ఆవిడ పక్కనే నిలబడి దారాల మీదుగా వేయించింది.

మేస్త్రి రానే వచ్చాడు, గునపమూ పురికొసా పట్టుకుని. అప్పటికి ఆకులు పండి పసుపెక్కాయి. బావమరిది గోడకి జేరబడి, రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. చెల్లెమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, గోటితో ఎర్ర బొట్టు పగలగొట్టి, గడ్డి ఎత్తింది. ముందు నల్లటి తడి గడ్డి తప్ప ఏమీ లేదు. తర్వాత గోలీకాయలంత దుంపలు. ఆ తర్వాత పిడికిలంతవి. ఆవిడ పళ్లెంలో వేస్తూ, కొన్నింటిని మాత్రం విడిగా నేలమీద పెడుతోంది. అవి పచ్చగా ఉన్నాయి. వెలుతురు తగిలినవి.

"ఇవి మీరు తెరిచి చూసినవి. తినడానికి పనికిరావు."

నేలమీది కుప్ప పెరుగుతోంది. పళ్లెం మాత్రం నిండటం లేదు. ఈలోగా మేస్త్రి కొలతకని మడి అంచున గునపం మోపాడు. అది సగం దాకా మెత్తగా దిగిపోయింది. అతను ఉలిక్కిపడి పైకి లాగితే, మొనకి నల్లమట్టీ, అందులో మెలికలు తిరిగే వానపామూ వచ్చాయి.

"ఇదేంటమ్మా, నేల ఇలా అయిపోయింది?"

చెల్లెమ్మ అప్పటికే చేతులు మోచేతుల దాకా గడ్డిలో పెట్టి చివరి మూల వెతుకుతోంది. అక్కడ ఇంకో నాలుగైదు దొరికాయి. పళ్లెం ఎత్తి, అటూ ఇటూ ఊపి చూసింది.

"తొక్క మందంగా తీస్తే చాలవు," అంది. మొగుడి చంకల్లో ఉన్న చేతులు చూసి, "పల్చగా తీస్తాలే," అంది.

మేస్త్రి చేత బట్టలుతికే చోట మాత్రం సిమెంటు వేయించింది. పచ్చదుంపల్ని విత్తనానికి దాచి, మొలకలొచ్చాక మళ్లీ పరిచారు. మళ్లీ గడ్డి, మళ్లీ దారం, మళ్లీ ఎర్ర బొట్టు. ఈసారి బొట్టు పెట్టింది బావమరిదే.

నిన్న వాళ్లింటికి వెళ్తే అతను గుమ్మంలోనే నా చొక్కా పట్టుకున్నాడు. "బావా, మొన్నొచ్చినప్పుడు ముట్టుకుంది నువ్వేనా? బొట్టు పగిలింది! నేను ముట్టుకోలేదు, ఒట్టు!"

"నేనెందుకు ముట్టుకుంటానురా?"

"మరెవరు? ఈ పెరట్లోకి వచ్చేదే మనం ముగ్గురం!"

అప్పుడే చెల్లెమ్మ కాఫీ తెచ్చి నాకు అందించింది. కప్పు అందుకుంటూ ఆవిడ గోళ్ల వంక చూశాను. వాటి సందుల్లో తడి గడ్డి పోగులు ఇరుక్కుని ఉన్నాయి.

"నేనేరా," అన్నాను.