నాలుగొందల పదిహేడో నంబరు బండి

ఆ దినాల్లో నరసరావుపేట నుంచి గురజాలకు బస్సెక్కే మనిషి మంచి పంచె ఇంట్లో దాచుకుని పాతది కట్టుకుని బయల్దేరేవాడు. యుద్ధం మూలాన పెట్రోలు దొరక్క, బస్సు వెనక మనిషెత్తు ఇనపపీపా ఒకటి బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో బండి నడిపేవాళ్ళు. తెల్లగా ఎక్కినవాడు కొలిమిలోంచి లేచొచ్చినట్టు దిగేవాడు. కాస్త మెరక వస్తే చాలు, బండి దగ్గి, మూలిగి, ఆగిపోయేది. అప్పుడు జనమంతా దిగి నెట్టాలి. టిక్కెట్టు కొని బస్సును మోసుకుపోయిన ఘనత మా పల్నాడు వాళ్ళది.

ఆ బండి నంబరు నాలుగొందల పదిహేడు. దాని డ్రైవరు హబీబు. యాభై దాటిన మనిషి, మెంతిరంగు గడ్డం, కాకీ చొక్కా, జేబులో లైసెన్సు పుస్తకం. ఇరవై ఏళ్ళుగా బస్సు యజమాని ఆదినారాయణ గారి దగ్గరే కొలువు. పెట్రోలు కాలంలో హబీబు హారను కొడితే పిడుగురాళ్ళ కాఫీ హోటలు వాడు గ్లాసు కడిగి పెట్టేవాడు. స్టీరింగు ముందు కూర్చుంటే అతను హబీబు గారు. కిందికి దిగితే వట్టి హబీబు. అందుకని చానా తక్కువగా దిగేవాడు.

బొగ్గుపొగ వచ్చిన రెండో ఏడు అతని కళ్ళకు పొర కమ్మింది. మొదట పొగే అనుకున్నాడు. పొగ లేని ఇంట్లో కూడా పొగ కనపడేసరికి భార్య జాన్‌బీకి చెప్పాడు.

"గుంటూరు పెద్దాసుపత్రిలో కోసి తీస్తారంట గదా, పో," అందామె.

"తీసి సీసా అడుగుల్లాంటి అద్దాలు పెడతారే. అద్దాల డ్రైవరు బండి ఎవడెక్కుతాడు? మరునాడే ఇంకొకడిని పెడతాడు అయ్యగారు."

"మరి కనపడకుండా ఎట్లా తోల్తావు?"

"ఇన్నేళ్ళూ కనపడి తోలానా ఏంది? చేతులకే దారి తెలుసు."

అది సగమే నిజం. మిగతా సగం దానయ్య. రెంటచింతల మనిషి, నలభై ఏళ్ళవాడు, ఆ బండికి క్లీనరు. బయల్దేరే ముందు అరగంటసేపు పీపా పిడి తిప్పి బొగ్గులు రాజేయడం అతని పని. బండి కదిలాక హబీబు పక్కన ఇరుక్కుని కూర్చునేవాడు. ఎడంపక్క ఏదైనా అడ్డం ఉంటే ఎడమ తొడ గిచ్చేవాడు, కుడిపక్కయితే కుడి తొడ. రెండు తొడలూ ఒకేసారి గిచ్చితే బ్రేకు. గురజాల చేరేసరికి హబీబు తొడలు కందిపోయేవి. బండి నడక ఎద్దుల నడక కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, హబీబు మాత్రం ప్రతి ట్రిప్పులోనూ లోపల్లోపల వణుకుతూనే ఉండేవాడు. దానయ్యకు చూపుంది గానీ ఒక్క అక్షరం రాదు, అంకె రాదు. హబీబుకు అంకెలన్నీ వచ్చు. ఇద్దరూ కలిస్తే ఒక డ్రైవరు.

ఒకరోజు దాచేపల్లి ముందర దానయ్య పీపా చూడటానికి వెనక్కి పోయాడు. ఆ కాస్సేపట్లోనే రోడ్డు పక్కన ఎవరో చేతులు బార్లా చాపి బస్సు ఆపుతున్నట్టు తోచింది హబీబుకి. ఆపాడు. ఆ మనిషి ఎక్కలేదు.

"ఎక్కవయ్యా పెద్దమనిషీ! దిగొచ్చి చేయి పట్టుకోవాలా నీకు?" అని కసిరాడు.

బస్సంతా గొల్లుమంది. అది మిరపచేలో దిష్టిబొమ్మ. కుండ తల, చిరిగిన చొక్కా.

దానయ్య వెనకనుంచి పరుగున వచ్చి, "మా మామ సంగతి మీకు తెలవదు. ఒట్టి వేళాకోళం మనిషి!" అని నవ్వేశాడు.

ఆ రోజుతో హబీబుకు కొత్త పేరొచ్చింది. కరణం గారనుకుని గుంజకు సలాం పెడితే వేళాకోళం. తనది అనుకుని పక్కవాడి గ్లాసులో టీ తాగితే వేళాకోళం. పుట్టి బుద్ధెరిగాక ఒక్క జోకు వెయ్యని మనిషి, జనం తనను చూడగానే ముందే పళ్ళికిలిస్తుంటే, వాళ్ళతో కలిసి నవ్వడం నేర్చుకున్నాడు. స్టీరింగు నిలబడుతుందంటే నవ్వులపాలు కావడం ఒక లెక్కా అనుకున్నాడు.

అంతలో గుంటూరు నుంచి బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. బళ్ళు చూస్తాడు, డ్రైవర్ల లైసెన్సులు రెన్యూ చేస్తాడు. ఇదివరకు ఊరికే ముద్ర వేసిచ్చేవారు, ఈసారి మాత్రం ఇరవై అయిదు గజాల దూరాన నిలబెట్టి, ఎదుటి బండి నంబరు చదవమంటాడు. చదవలేకపోతే పుస్తకం లాగేసుకుంటాడు.

హబీబు రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోనాటికి ధైర్యం వచ్చింది. ఈ రోడ్డు మీద తిరిగే బళ్ళు అయిదే. అయిదింటి నంబర్లూ అతనికి కంఠతా వచ్చు, అయిదింటి గొంతులూ తెలుసు. ఇంజను ఆడుతుంటే చాలు, ఏ బండో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎట్లాగూ మూసుకున్నట్టే ఉన్నాయి.

అవతల ఆదినారాయణ గారి బాధ వేరు. ఆయనకు ఇంకో బండి ఉంది, రెండొందల అరవై ఎనిమిది. దాని ఇంజను పాడై ఏడాదిగా షెడ్డులో రాళ్ళ మీద నిలబడి ఉంది. బండి నడుస్తోందని కాగితాల్లో రాసి, బొగ్గుబండి స్టార్టు చేయడానికని సర్కారిచ్చే కాసింత పెట్రోలు కూపన్లు దాని పేరిట ఆయన తీసుకుంటున్నాడు. ఇప్పుడు దాన్ని నడిపి చూపించాలి. తెల్లారుజామున ఆయనే స్వయంగా స్క్రూడ్రైవరు పట్టుకుని, దాని నంబరు పలక ఊడదీసి నాలుగొందల పదిహేడుకు బిగించాడు. నాలుగొందల పదిహేడు మాచర్ల వైపు కిరాయికి పోయిందని చెబుదామనుకున్నాడు. ఈ సంగతి హబీబుతో అనలేదు. వేళాకోళం మనిషి, నోరు ఆగదని భయం. దానయ్య ఆ పలకను పొద్దున్నే శుభ్రంగా తుడిచాడు కూడా. మీద ఏం రాసుందో అతనికేం తెలుసు?

తాలూకా కచేరీ ఆవరణలో ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదినారాయణ గారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. దూరాన బండి పొగలు కక్కుతోంది.

"ఏమయ్యా, ఆ బండి నంబరెంత?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

హబీబు చెవి ఒగ్గాడు. ప్రాణం లేచొచ్చింది. తన బండే!

"నాలుగొందల పదిహేడు సార్."

ఆదినారాయణ గారు దగ్గాడు.

"సరిగ్గా చూసి చెప్పు."

"చూసే చెప్తున్నా సార్. ఎడమ మడ్‌గార్డుకు సొట్ట ఉంటది, చూడండి. రేడియేటరు మూత పోతే గోనెగుడ్డ చుట్టాం. డ్రైవరు పక్క తలుపుకు గడియ లేదు, తాడు."

ఆదినారాయణ గారికి దగ్గు తెర ఎక్కువైంది. పాపం అయ్యగారికి పొగ పడలేదనుకున్నాడు హబీబు.

ఇన్‌స్పెక్టరు లేచి బండి దగ్గరికి పోయాడు. సొట్ట ఉంది. గోనెగుడ్డ ఉంది. తాడు ఉంది. పలక మీద నంబరు మాత్రం అది కాదు. బానెట్టు ఎత్తించి ఇంజను నంబరు కాగితాలతో పోల్చుకున్నాడు. తిరిగొచ్చి హబీబు భుజం తట్టాడు.

"యజమాని ఎదురుగానే నిజం చెప్పావు. నీలాంటి డ్రైవర్లు జిల్లాలో నలుగురుంటే మాకు పనే ఉండదు," అని లైసెన్సు పుస్తకం అందుకుని, ఇంకొక ఏడాదికి ముద్ర వేసిచ్చాడు.

బండి పట్టుకుపోయారు. పర్మిట్టు రద్దయింది. సాయంకాలానికల్లా పేటంతా ఒకటే మాట: ఇరవై ఏళ్ళు తిండి పెట్టిన మనిషిని హబీబు సర్కారుకు పట్టించాడు. మిగతా బస్సుల వాళ్ళు అతను వస్తుంటే మొహం తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడం అతనికి కనపడలేదు గానీ, మాటలు ఠక్కున ఆగిపోవడం వినపడింది.

"నాకు కళ్ళు కనపడవయ్యా, అందుకే అట్లా చెప్పా," అని నలుగురితో మొత్తుకున్నాడు. నలుగురూ నవ్వారు. "కనపడకపోతే ఇన్‌స్పెక్టరు ముద్రెందుకేశాడు? గోనెగుడ్డతో సహా చూశావు గదా!" అన్నారు.

"నువ్వన్నా చెప్పరా," అని దానయ్యను బతిమాలాడు.

"చెబితే నన్ను ఇంకే బండి దగ్గరికన్నా రానిస్తారా మామా? గుడ్డాడితో జనాన్ని తోలించాడంటారు. ఇంట్లో నలుగురు పిల్లలు," అన్నాడు దానయ్య. ఆదినారాయణ గారి వీధి మలుపు దాకా మాత్రం తోడొచ్చి ఆగిపోయాడు.

స్టీరింగు ఎట్లాగూ పోయింది. ద్రోహి అన్న మాటన్నా పోతే చాలనుకుని, హబీబు గోడ తడుముకుంటూ వసారా ఎక్కాడు. పడక్కుర్చీలో తెల్లగా అయ్యగారు వెనక్కి వాలి కనపడ్డారు. ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అయ్యా, నేను పట్టించలా. అల్లా తోడు. రెండేళ్ళ నుంచి నాకు చూపు లేదు. మీకు చెబితే కొలువు పోద్దని దాచా. దాచడం తప్పే. కానీ మీకు ద్రోహం తలపెట్టే మనిషిని కానయ్యా. ఒక్క మాటనండి, హబీబు అట్లాంటోడు కాదని. చాలు, ఇంకేం అడగను," అని కాళ్ళు పట్టుకుందామని చేతులు చాపాడు.

చేతుల్లోకి గంజిపెట్టిన ఉత్తరీయం జారి పడింది. కుర్చీ ఖాళీ.

"ఒరేయ్ హబీబూ!" వెనకనుంచి, గుమ్మం దగ్గర్నుంచి వినపడింది ఆదినారాయణ గారి గొంతు. "నా బండి పోయె, పర్మిట్టు పోయె, పరువు పోయె. ఇంకా నీ వేళాకోళం తగ్గలేదా? నా ఇంటికొచ్చి నా కుర్చీతో నాటకమా?"

లోపల ఎవరో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"కాదయ్యా, నిజంగానే..." అంటూ గొంతు వచ్చిన వైపు తిరగబోయి గుంజకు చెప్పాడు హబీబు. ఈసారి వంటమనిషి కూడా నవ్వింది.

"పో! నా గుమ్మం తొక్కావంటే మర్యాద దక్కదు!"

హబీబు ఉత్తరీయాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పెట్టాడు. కుర్చీ పక్కన పడింది. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాడు.

మలుపులో దానయ్య ఎదురొచ్చాడు. "చెప్పావా మామా?"

"చెప్పా."

"నమ్మాడా?"

"కుర్చీ నమ్మింది."

దానయ్య నవ్వాడు. రెండేళ్ళ అలవాటు మరి. హబీబు నవ్వలేదు. ఇద్దరూ మసీదు వీధి వైపు నడిచారు. హబీబు జేబులో లైసెన్సు పుస్తకం ఉంది, ఇంకా పదకొండు నెలల మీద ఇరవై అయిదు రోజులు చెల్లుతుంది. ఎడంపక్క మురిక్కాలవ వచ్చింది. దానయ్య అతని ఎడం చెయ్యి గిచ్చాడు. హబీబు కుడికి తిరిగాడు.