ఆయన తెచ్చుకున్న తేన్పు

పోయిన వేసవిలో ఒకరోజు, పోర్టులో క్రేన్ నడిపే మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే కడుపులో తిప్పుతోందంటూ కూలబడ్డారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. చెమట ఎండకే పట్టిందనుకుని, కడుపుకి వాము మరిగించి ఉప్పేసి తాగించాను. మా ఇంట్లో తేన్పు వస్తే తగ్గినట్టే లెక్క. వీపు నిమురుతూ, "ఏటండీ, ఇంకా తేన్పు రాలేదేటి?" అని పదేపదే అడిగాను. చివరికి గట్టిగా తేన్చారు. నిశ్చింతగా వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నేలమీద పడి ఉన్నారు.

పక్కింటివాళ్ల ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. గుండెపోటన్నారు. ఆ చెమటా దానిదేనట. ఎలాగో దక్కారు.

మూడోరోజు నా చెయ్యి పట్టుకుని, "అది నిజం తేన్పు కాదే. నువ్వు కంగారు పడతన్నావని నానే తెచ్చుకున్నాను" అన్నారు.

ఎవరికి కడుపు తిప్పినా ఇప్పటికీ వాము మరిగిస్తాను. కానీ గిన్నె పొయ్యి మీద పెట్టేముందు, చొక్కా తడిసిందేమో తాకి చూస్తాను.