శారదమ్మ పుదీనా, రామచంద్రయ్య ముడి

రామన్నపేట దగ్గరి ఊళ్లో శారదమ్మ పుదీనా వేసింది మహిళా సాధికారత కోసం కాదు. మగ్గం మీద చీర దిగడానికి వారం పట్టేది, దాన్ని కొనేవాడు రావడానికి నెల పట్టేది. హైదరాబాద్‌లో బిర్యానీ వండినన్నాళ్లూ పుదీనాకు గిరాకీ ఉంటుంది. ఆ నగరం బిర్యానీ మానేస్తుందన్న పుకారు ఎక్కడా లేదు.

రాష్ట్రం వచ్చి కరెంటు కాస్త నిలబడ్డాక, గురవయ్య బోరు పక్కన పది గుంటలు కౌలుకు తీసుకుంది. పుదీనా ఒకసారి నాటితే చాలు, కోసిన కొద్దీ మళ్లీ వస్తుంది. చిక్కల్లా ఒకటే. పెట్టుబడంతా వేళ్లలో ఉంటుంది, ఆ వేళ్లు గురవయ్య భూమిలో ఉంటాయి.

“రంజాన్ దాక చూస్త చెల్లె. కౌలు ఎల్లకపోతే దున్ని వరేసుకుంట” అన్నాడతను.

మొదటి కోతకు కట్టలు కట్టింది ఆమె భర్త రామచంద్రయ్య. ముప్పై ఏళ్లు మగ్గం మీద పోగులు ముడేసిన చేతులవి. కట్టలు ముచ్చటగా వచ్చాయి. సాయంత్రం సంచుల్లో కుక్కి ఆటో ఎక్కిస్తే, పొద్దున మార్కెట్ నుంచి వ్యాపారి ఫోన్ చేశాడు: “అమ్మా, ఇది పుదీనానా, చాయ్‌పత్తా?”

ఇంట్లో మిగిలిన కట్ట ఒకటి శారదమ్మ విప్పి చూసింది. గాలాడక లోపల ఉడికిపోయి, నల్లబడి ఉంది.

“జర వదులుగ కట్టరాదయ్యా?”

“వదులుగ కడితే అది ముడెట్లయితదే?”

రెండో కోతకు ఆయన మనసు ఒప్పుకుంది గాని చేతివేళ్లు ఒప్పుకోలేదు. సగం సరుకు మళ్లీ నల్లబడింది. ఇక రంజాన్ కోత ఒక్కటే మిగిలింది. శారదమ్మ భర్తను నీళ్లు పెట్టే పనికి మార్చి, ఉప్పలమ్మను పిలిచింది. ఉప్పలమ్మ కట్టిన గడ్డిమోపు ఇల్లు చేరేలోపు బాట పొడవునా రాలుతుందని ఊరంతా నవ్వేది.

“నన్నా? కట్టలు కట్టనీకా?” అని రెండుసార్లు అడిగి మరీ వచ్చింది. ఆమె కట్టలు చూడలేక రామచంద్రయ్య బోరు వైపు తిరిగి నిలబడ్డాడు.

సరుకు పచ్చగా చేరింది. పండగ ధర పలికింది, కౌలు తీరింది. అంతా చూసిన గురవయ్య మాట మార్చాడు.

“ఇగ ఈ పుదీన నేనే చేసుకుంట చెల్లె.”

ఉప్పలమ్మ వదులు కట్టలను తలుచుకుని నవ్వి, పని తెలిసిన కూలీలను పెట్టి బిగుతుగా కట్టించాడు. ఒకటికి రెండు కోతలు నల్లబడ్డాక శారదమ్మ గడపలోకి వచ్చాడు.

“భూమి నువ్వే పట్టు చెల్లె, పాత కౌలుకే. నాతోని కాదు. అసలు నా సరుకెందుకు ఖరాబయింది?”

శారదమ్మ నోరు తెరిచేలోపే రామచంద్రయ్య అందుకున్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు.

“ముడి వదులై ఉంటది గురవన్నా. ఇంక జర బిగించాల్సుండె.”

శారదమ్మ కాదనలేదు. “కూసో అన్నా, చాయ్ పెడ్త” అంటూ లోపలికి పోయింది.