పచ్చరంగు వేసిన బోరు

పదేళ్లుగా ఒక పట్టికను మోస్తున్నాను. పది వరుసలు, రెండు గడులు. మొదటి గడిలోవి నేను కొలిచిన అంకెలు. రెండో గడిలోవి నేను రాసిన అంకెలు. కొలవడానికీ రాయడానికీ మధ్య ఉన్న తేడాను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం ఎరగరు. అందుకే నోరు పెగులుతోందేమో.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. మాది రామన్నపేట వైపు వ్యవసాయ కుటుంబం. బడి కన్నా ముందు నేను భజన మండలిలో చదువుకున్నాను. మా నాన్నను బాపు అంటాం. బాపు పద్యం చదివేవాడు, నేను అర్థం చెప్పాలి. ఇప్పటికీ ప్రతి శనివారం మా సత్సంగంలో పారాయణం నాదే. సత్యం గురించి నేను మాట్లాడినంత మా వీధిలో ఇంకెవరూ మాట్లాడి ఉండరు. గొప్పకు చెప్పడం లేదు. ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందన్నారు. పాఠాలు బాగా చెబితే చాలదు, పరిశోధన కనిపించాలి. ప్రిన్సిపాల్ అందరి ముందు, “తెలుగు సారే రెండు పేపర్లు రాసిండు, మీ కెమిస్ట్రీకి ఏమైంది మేడం” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే అంశం అనుకున్నాను. మర్రిగూడ వైపు ఒక ఊరిలో బోరు నీళ్లు, అందులో ఫ్లోరైడ్, ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి.

ఎండాకాలం పని నిజాయితీగానే చేశాను. పిల్లలు పది బోర్ల నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో తెచ్చారు. ఎర్రటి రంగు మందు ఒకటి ఉంటుంది. నీళ్లలో కలిపితే ఫ్లోరైడ్ ఎంత ఉంటే రంగు అంత వెలిసిపోతుంది. ఆ వెలిసినది చూసి అంకె రాస్తాం. తొమ్మిది బోర్లలో కొన్ని మరీ చెడ్డవి, కొన్ని మంచివి. ఒక్కటి మాత్రం తాగే నీళ్లకు పెట్టిన పరిమితికి కాస్త పైన నిలిచింది.

కార్తీకంలో రెండోసారి సీసాలు వచ్చాయి. అదే వారం మా సత్సంగం వాళ్లు సప్తాహం పెట్టారు. ఏడు రోజుల పారాయణం, చదివేది నేను. సెలవు పెట్టి వెళ్లిపోయాను. దేవుడి పని ముందు, కాలేజీ పని వెనక అనుకున్నాను. నిజంగా దేవుడి పనేనా? మైకులో నా గొంతు వింటే నాకు ఇష్టం. జనం కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఇష్టం. ఆ ఏడు రోజులూ సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా చదివాను, ఆ సీసాలు ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

తిరిగి వచ్చేసరికి రంగు మందు పాడైపోయి ఉంది. చీకట్లో ఉంచవలసిన దాన్ని తొందరలో కిటికీ పక్క బల్ల మీద వదిలేసి పోయాను. కొత్తది తెప్పించాలంటే కాగితం పెట్టాలి, వారాలు పడుతుంది. సీసాల్లోని నీళ్లు ఆగేవే. కమిటీ ఆగదు. మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని రెండో గడి నింపాను. వాన పడితే నీళ్లు పలచబడతాయి కదా అని ప్రతి అంకెనూ కాస్త కాస్త తగ్గించాను. మా నేలలో కొన్ని బోర్లలో వానల తర్వాత పెరుగుతుంది కూడా, రాళ్లలో ఉన్నది నీటితోపాటు దిగి కలుస్తుంది. అది నాకు తెలుసు. ఆ పాఠం నేనే చెబుతాను.

తగ్గించేసరికి, పరిమితికి కాస్త పైన నిలిచిన ఆ ఒక్క బోరు లోపలికి వచ్చేసింది.

తర్వాత సీసాల్లోని నీళ్లన్నీ సింకులో పారబోశాను. ఇది అన్నిటికన్నా చెప్పుకోలేని సంగతి. ఉంచి ఉంటే మందు వచ్చాక కొలవొచ్చు. కొలిస్తే తెలిసిపోతుంది. తెలియకూడదనే పారబోశాను.

పేపరు అచ్చయింది. అంతటితో ఆగి ఉంటే అది కాగితం మీది పాపమే. కానీ పరిశోధన ఊరికి ఉపయోగపడినట్టు కమిటీకి ఫోటోలు చూపాలన్నారు. విద్యార్థుల సేవా శిబిరం పెట్టి, నా పట్టికలోని రెండో గడి ప్రకారం చెడ్డ బోర్లకు ఎర్రరంగు, మంచి వాటికి పచ్చరంగు వేయించాం. ఆ బోరుకు పచ్చరంగు పడింది. అది యాదమ్మ ఇంటి ముందరిది. పేరు మార్చాను. ఆమె భర్త ఆ ఊరి నీళ్లు తాగి తాగి నడుము వంగి, అరుగు మీద కూర్చునే ఉండేవాడు.

“మేడం, గిది పచ్చరంగేసిండ్రు. తాగుమన్నట్టేనా?” అంది.

“తాగొచ్చమ్మా. పరిమితి లోపలే ఉంది.”

“గా పరిమితి ముచ్చట నాకెర్కలేదు. నా బిడ్డ కాన్పుకొచ్చింది, ఇంట్ల పసిపిల్ల ఉన్నది. రేపు దానికి గివే పోస్త. మా ఆయిన నడుము జూస్తున్నవు గద. నువ్వు తాగుతవా చెప్పు.”

చెంబు నింపి ఇచ్చింది. తాగాను. పిల్లలందరూ చూస్తుండగా మొత్తం తాగాను.

“ఇగ ఫికర్ లేదు. మెడల తులసిపూసలేసుకున్న మనిషివి, అబద్ధమెందుకు జెప్తవు. ఫిల్టర్ నీళ్ల బిందె మోసి మోసి నా మెడ గుంజుకపోయింది. నా మెడ బతికింది పో” అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు.

కమిటీ మంచి గ్రేడు ఇచ్చింది. కాలేజీ శాలువా కప్పింది. సత్సంగం వాళ్లు ఇంకో శాలువా కప్పారు. రెండూ కప్పించుకున్నాను.

ఈ ఏడు అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరుగుతూ మళ్లీ అక్కడికి వెళ్లాను. యాదమ్మ గుర్తుపట్టి పిలిచి, అప్పటి పసిపిల్లను, తన దగ్గరే పెరుగుతున్న మనవరాలిని చూపించింది. బడిలో బహుమతి వచ్చిందట. ఆ పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. చేయి తీసినప్పుడు చూశాను. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు.

ఒక సీసాలో నీళ్లు పట్టుకొచ్చి, ఈసారి నిజంగా కొలిచాను. రంగు బాగా వెలిసిపోయింది. మరుసటి వారమే వెళ్లి, ఆ నీళ్లు మానేయండి, నల్లా నీళ్లే తాగండి అని చెప్పాను.

“అప్పుడు మంచిగున్నయంటివి గద మేడం.”

ఏం చెప్పాలో నాకు తెలుసు. రెండు ముక్కల మాట. దారంతా అనుకుంటూనే వచ్చాను. కానీ నోటి నుంచి వచ్చింది ఇది: “అప్పుడు బాగానే ఉండెనమ్మా. తర్వాత మారినయి.”

“గంతే తీ, మా రాత” అంది. వెళ్లేటప్పుడు సంచిలో కందులు పోసి ఇచ్చింది. తీసుకున్నాను.

ఆ చారలు ఆ బోరు వల్లే వచ్చాయా? బడిలో నీళ్ల వల్ల కావచ్చు, ఇంకో చోటి నీళ్ల వల్ల కావచ్చు. ఖాయంగా చెప్పలేను. అలా చెప్పలేకపోవడానికి కారణం కూడా నేనే కదా, ఆనాటి నీళ్లను సింకులో పోసింది నేనే కదా. ఆ పేపరు వెనక్కి తీసుకుందామని వెతికితే, అచ్చు వేసిన పత్రిక వెబ్‌సైటే తెరుచుకోవడం లేదు. దేవుడికి చాలాసార్లు చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. తెలిసినవాడికి చెప్పుకోవడం సులువు. పైగా ఆ నీళ్లు తాగింది ఆయన కాదు. క్షమించమని ఆయన్ని అడుగుతూ అడుగుతూ, అడగవలసిన మనిషిని అలా వదిలేశాను.

అలసిపోయాను. పారాయణంలో సత్యం అన్న మాట వచ్చిన ప్రతిసారీ గొంతు తడబడుతోంది, వినేవాళ్లు అది భక్తి అనుకుంటున్నారు.

మళ్లీ వెళ్లి యాదమ్మకు అంతా చెప్పేస్తానని ఇక్కడ రాయవచ్చు. చదివేవారికి అది బాగుంటుంది. వెళ్లకపోతే ఆమెకు చెప్పిన రెండు అబద్ధాల మీద అది మూడోది అవుతుంది, అందుకని రాయను. రాయగలిగింది ఇంతే. ఆమె అడిగిన రోజు, ఆ బోరు నీళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. తెలుసని చెప్పాను. ఇది రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.